అమెరికా ఆరోగ్య బీమా ఎక్స్ఛేంజీలు, బీమా సంస్థలు: దంత సంరక్షణ నాణ్యతలో భాగస్వామ్యం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం కింద ఏర్పడిన ఆరోగ్య బీమా ఎక్స్ఛేంజీలు, వాటి ద్వారా పాలసీలు అమ్మే బీమా సంస్థలు దంత సంరక్షణను విస్తరించడానికీ మెరుగుపరచడానికీ చేసుకున్న ఏర్పాట్లను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. ఎక్స్ఛేంజీ అంటే ఉద్యోగం ద్వారా బీమా లేనివారు, చిన్న సంస్థల ఉద్యోగులు వేర్వేరు కంపెనీల పథకాలను ఒకేచోట పోల్చి చూసుకొని, అర్హత ఉంటే ప్రభుత్వ సబ్సిడీతో కొనుక్కోవడానికి ఏర్పరచిన క్రమబద్ధమైన విపణి. ఆరోగ్య బీమా విషయంలో నాణ్యతను కొలిచి ప్రకటించే బాధ్యతను చట్టమే నిర్దేశించినా, విడిగా అమ్మే దంత బీమాను ఆ బాధ్యతలలో చాలావాటి నుంచి మినహాయించారు. అందువల్ల దంత సంరక్షణ నాణ్యత ఎక్కువగా ఆయా రాష్ట్రాల ఎక్స్ఛేంజీలు బీమా సంస్థలతో కుదుర్చుకునే ఒప్పందాలలో ఏమి కోరుతాయన్న దానిమీదనే ఆధారపడి, రాష్ట్రానికొక తీరుగా సాగుతోంది.

చారిత్రక నేపథ్యం

అమెరికాలో దంత వైద్యం మిగిలిన వైద్యం నుంచి విద్యలోనూ, వృత్తి సంఘాలలోనూ, చెల్లింపు విధానంలోనూ మొదటినుంచీ వేరుగా ఎదిగింది. 1954లో పశ్చిమ తీరపు ఓడరేవు కార్మికుల సంఘం తమ సభ్యుల పిల్లలకు దంత చికిత్స సౌకర్యం కోరడంతో వాషింగ్టన్, ఆరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల దంత వైద్య సంఘాలు ప్రత్యేక సేవా సంస్థలను నెలకొల్పాయి. ఇవే తరువాత డెల్టా డెంటల్ పేరుతో దేశంలో పెద్ద దంత బీమా వ్యవస్థగా విస్తరించాయి. ఆ విధంగా మొదలైన దంత బీమా అనుకోని పెద్ద ఖర్చు నుంచి కాపాడే బీమాగా కాక, ముందే ఊహించగల సాధారణ ఖర్చులను కొంతవరకు భరించే ముందస్తు చెల్లింపు పథకంగా స్థిరపడింది. పరీక్షలు, పళ్ళు శుభ్రం చేయడం వంటి నివారణ సేవలకు నూరు శాతం, పుచ్చుపళ్ళు నింపడం వంటి ప్రాథమిక చికిత్సలకు 80 శాతం, క్రౌన్లు, కట్టుడుపళ్ళ వంటి పెద్ద చికిత్సలకు 50 శాతం చెల్లిస్తూ, ఏడాదికి 1,000 నుంచి 1,500 డాలర్ల వద్ద ఆగిపోయే పథకం ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న నమూనా. చికిత్స అవసరం ఎక్కువగా ఉన్న రోగికే ఈ గరిష్ఠ పరిమితి ముందుగా అడ్డు తగులుతుంది.

ప్రభుత్వ పథకాలలోనూ ఈ వేర్పాటు కనిపిస్తుంది. వృద్ధుల కోసం 1965లో ఏర్పడిన మెడికేర్ సాధారణ దంత చికిత్సలను చేర్చుకోలేదు. పేదల కోసం ఏర్పడిన మెడికెయిడ్‌లో పిల్లల దంత చికిత్స తప్పనిసరి కాగా, పెద్దల చికిత్సను రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. నోటి ఆరోగ్యం శరీర ఆరోగ్యంలో విడదీయరాని భాగమని, దంత వ్యాధుల భారం పేద, అల్పసంఖ్యాక వర్గాలపై ఎక్కువగా పడుతోందని 2000లో ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య అధికారి (సర్జన్ జనరల్) డేవిడ్ సాచర్ వెలువరించిన నివేదిక ఎత్తిచూపింది. 2007లో మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ బాలుడు పంటి చీము మెదడుకు పాకి మరణించిన సంఘటన కాంగ్రెస్ దృష్టిని ఈ సమస్యవైపు మళ్ళించింది. 2009లో పిల్లల ఆరోగ్య బీమా పథకాన్ని పునరుద్ధరించినప్పుడు దానిలో దంత చికిత్సను తప్పనిసరి చేశారు.

చట్టం కల్పించిన స్థానం

2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన ఆరోగ్య సంస్కరణ చట్టం వ్యక్తులకు, చిన్న సంస్థలకు అమ్మే ప్రతి ఆరోగ్య పథకంలోనూ ఉండవలసిన పది తప్పనిసరి ప్రయోజనాలను పేర్కొంది. వాటిలో పదవది పిల్లల సేవలు. నోటి సంరక్షణ, కంటి సంరక్షణ దీనిలో భాగాలు. పిల్లల దంత సంరక్షణ తప్పనిసరి ప్రయోజనం కావడంతో దానిపై వార్షిక గరిష్ఠ పరిమితి గాని, జీవితకాల పరిమితి గాని విధించకూడదు. కుటుంబం చేతినుంచి పెట్టే ఖర్చుకు మాత్రం పైహద్దు ఉండాలి. పాత నమూనా దంత బీమాలో కంపెనీ చెల్లింపుకు హద్దు ఉండి రోగి ఖర్చుకు హద్దు లేకపోగా, ఈ చట్టం పిల్లల వరకు ఆ సూత్రాన్ని తిరగవేసింది. పెద్దల దంత చికిత్స మాత్రం తప్పనిసరి జాబితాలోకి రాలేదు.

ఎక్స్ఛేంజీలలో నమోదు 2013 అక్టోబర్ 1న మొదలై, పాలసీలు 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటిలో దంత బీమా రెండు రూపాలలో లభిస్తుంది. మొదటిది ఆరోగ్య పథకంలోనే దంత ప్రయోజనాన్ని కలిపివేసే పద్ధతి. రెండవది దంత బీమా సంస్థ తన పథకాన్ని ప్రత్యేక ప్రీమియంతో అమ్మే విడి పథకం. ఎక్స్ఛేంజీలో విడి దంత పథకం అందుబాటులో ఉన్నట్లయితే, ఆరోగ్య పథకం పిల్లల దంత ప్రయోజనాన్ని వదిలివేయవచ్చునని చట్టం అనుమతించింది. దీనితో పిల్లల దంత బీమాను ఎక్స్ఛేంజీలో అమ్మకానికి ఉంచడం తప్పనిసరి అయింది గాని, ఫెడరల్ నిబంధనల ప్రకారం తల్లిదండ్రులు దానిని కొనడం తప్పనిసరి కాలేదు.

విడి పథకాలలో పిల్లల చికిత్సకు కుటుంబం పెట్టవలసిన గరిష్ఠ ఖర్చును సొంత వేదిక లేని రాష్ట్రాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఫెడరల్ ఎక్స్ఛేంజీ 2014లో ఒక బిడ్డకు 700 డాలర్లుగా, ఇద్దరు లేదా అంతకంటె ఎక్కువ మందికి 1,400 డాలర్లుగా నిర్ణయించి, 2015 నుంచి వాటిని 350, 700 డాలర్లకు తగ్గించింది. తరువాతి కాలంలో దంత సేవల ధరల సూచీని అనుసరించి ఈ హద్దులు పెరుగుతూ వచ్చాయి. సగటున చికిత్స ఖర్చులో ఎంత శాతాన్ని పథకం భరిస్తుందో తెలిపే అంచనా విలువ ఆధారంగా విడి పథకాలను 70 శాతం, 85 శాతం అనే రెండు స్థాయిలుగా విభజించిన నిబంధన 2019 పథకం ఏడాది నుంచి తొలగిపోయింది. కంపెనీలకు ఇది వెసులుబాటు కాగా, కొనుగోలుదారులకు పథకాలను పోల్చుకునే ఒక సులువైన గుర్తు లేకుండా పోయింది.

నాణ్యతకు కొలమానాలు

దంత సంరక్షణ నాణ్యతను కొలవడం సాధారణ వైద్యంలో కంటె కష్టం. దంత వైద్యులు బీమా సంస్థలకు పంపే క్లెయిములలో, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నిర్వహించే సంకేత పట్టిక ప్రకారం ఏ చికిత్స చేశారో ఉంటుంది గాని, ఏ వ్యాధికి చేశారో సాధారణంగా ఉండదు. పన్ను నింపినట్లు తెలుస్తుంది. పుచ్చు ఎంత లోతుగా ఉందో, చికిత్స అవసరమా కాదా, రెండేళ్ళ తరువాత ఆ పన్ను ఎలా ఉందో తెలియదు. ఈ కారణంగా అందుబాటులో ఉన్న కొలమానాలలో ఎక్కువ భాగం చికిత్స ఫలితాన్ని కాక, చికిత్స అందిన తీరును కొలుస్తాయి.

ఈ లోటును పూరించే ఉద్దేశంతో, మెడికేర్, మెడికెయిడ్‌లను నిర్వహించే ఫెడరల్ సంస్థ కోరిక మేరకు అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పలు వర్గాలను కలుపుకొని డెంటల్ క్వాలిటీ అలయన్స్‌ను ఏర్పాటు చేసింది. ఈ కూటమి రూపొందించిన కొలమానాలలో ఏడాదిలో కనీసం ఒకసారి సమగ్ర నోటి పరీక్ష జరిగిన పిల్లల శాతం, ఫ్లోరైడ్ పూత పొందినవారి శాతం, శాశ్వత దవడపళ్ళకు సీలెంట్ వేయించుకున్నవారి శాతం, ఏటా అదే వైద్యుని వద్దకు వెళ్ళే కొనసాగింపు, పుచ్చుపళ్ళ కారణంగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళినవారి సంఖ్య ముఖ్యమైనవి. సీలెంట్ అంటే దవడపళ్ళ నమిలే భాగంలోని సన్నని గాడులలో ఆహారం, సూక్ష్మజీవులు చేరకుండా కప్పి ఉంచే పలుచని పొర. ఇది దవడపళ్ళలో ఏర్పడే పుచ్చులలో 80 శాతాన్ని రెండేళ్ళపాటు నివారిస్తుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. చవకైన, నొప్పి లేని, ఫలితం రుజువైన సేవ కావడం వల్ల సీలెంట్ శాతాన్ని నివారణ సంరక్షణకు నమ్మదగిన సూచికగా భావిస్తారు.

ఆరోగ్య పథకాలు ఎక్స్ఛేంజీలో కొంతకాలం కొనసాగిన తరువాత నాణ్యత మెరుగుదల వ్యూహాన్ని సమర్పించి అమలు చేయాలని, వాటికి ఒకటి నుంచి అయిదు నక్షత్రాల రేటింగు ఇచ్చి కొనుగోలుదారులకు చూపాలని నిబంధనలు ఉన్నాయి. విడి దంత పథకాలకు ఈ రెండూ వర్తించవు. ప్రీమియం వసూళ్ళలో చికిత్సకు, నాణ్యత పెంపుకు కనీసం 80 శాతం, పెద్ద సంస్థల బృంద బీమాలో 85 శాతం ఖర్చు చేయకపోతే మిగిలిన మొత్తాన్ని పాలసీదారులకు తిరిగి ఇవ్వాలన్న వైద్య వ్యయ నిష్పత్తి నియమం నుంచి కూడా వాటికి మినహాయింపు ఉంది. కాబట్టి పోల్చి చూసుకునే వేదిక ఒకటే అయినా, ఆరోగ్య పథకం పక్కన కనిపించే నక్షత్రాలు దంత పథకం పక్కన కనిపించవు. కొనుగోలుదారుడు ప్రీమియం, వైద్యుల జాబితా చూసి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

భాగస్వామ్య రూపాలు

ఎక్స్ఛేంజీలు రెండు ధోరణులలో పనిచేస్తాయి. కనీస షరతులు నెరవేర్చిన ప్రతి పథకాన్నీ అనుమతించి ఎంపికను కొనుగోలుదారులకే వదిలేవి కొన్ని. ధర, నాణ్యత, వైద్యుల లభ్యతలపై కంపెనీలతో బేరమాడి ఎంపిక చేసిన పథకాలనే అమ్మనిచ్చే క్రియాశీల కొనుగోలుదారులు మరికొన్ని. 2025 పథకం ఏడాదికి కొలంబియా డిస్ట్రిక్ట్‌తో కలిపి 20 ప్రాంతాలు సొంత వేదికలు నడుపుతుండగా, మిగిలిన రాష్ట్రాలు ఫెడరల్ వేదికను వాడుకున్నాయి. దంత సంరక్షణ విషయంలో బీమా సంస్థలతో ఎక్స్ఛేంజీల సహకారం ప్రధానంగా నాలుగు మార్గాలలో జరుగుతుంది.

మొదటిది ప్రయోజనాల ప్రామాణీకరణ. ఏ సేవకు రోగి ఎంత చెల్లించాలో, పెద్ద చికిత్సలకు ముందు ఎన్ని నెలలు వేచి ఉండాలో ఎక్స్ఛేంజీయే నిర్ణయించి, అన్ని కంపెనీలూ అదే నమూనాను అమ్మాలని కోరుతుంది. అప్పుడు కంపెనీలు షరతుల చిక్కుముడులతో కాక ధరతోనూ, సేవతోనూ పోటీపడవలసి వస్తుంది. నివారణ సేవలను డిడక్టిబుల్‌తో సంబంధం లేకుండా ఉచితం చేయడం ఈ నమూనాలలో కీలకాంశం. డిడక్టిబుల్ అంటే బీమా చెల్లింపు మొదలయ్యే ముందు పాలసీదారుడు సొంతంగా భరించవలసిన మొత్తం. దంత ప్రయోజనాన్ని ఆరోగ్య పథకంలో కలిపినప్పుడు రెండింటికీ ఒకే పెద్ద డిడక్టిబుల్ ఉంటే, వేల డాలర్లు ఖర్చయ్యేదాకా పిల్లల పన్ను నింపడానికి కూడా బీమా అక్కరకు రాని పరిస్థితి ఏర్పడుతుంది. ప్రామాణిక నమూనా దీనిని అడ్డుకోగలదు.

రెండవది వైద్యుల నెట్‌వర్క్ పర్యవేక్షణ. కాగితం మీద వైద్యుల పేర్లు ఉన్నా కొత్త రోగులను తీసుకునేవారు లేకపోతే బీమా నిష్ప్రయోజనం. ఫెడరల్ ఎక్స్ఛేంజీ 2023 పథకం ఏడాది నుంచి వైద్యుని వద్దకు చేరే సమయం, దూరాలపై ప్రమాణాలను విడి దంత పథకాలకు కూడా వర్తింపజేసింది. తక్కువ ఆదాయ వర్గాలకు సేవలందించే కేంద్రాలలో కనీసం 35 శాతాన్ని నెట్‌వర్క్‌లో చేర్చుకోవాలని కోరింది. గ్రామీణ ప్రాంతాలలో దంత వైద్యుల కొరత ఉన్నచోట ఈ ప్రమాణాన్ని అందుకోవడం కంపెనీలకు కష్టం కాబట్టి, కారణాలు వివరించి సమర్థించుకునే వీలు కల్పించారు.

మూడవది సమాచార సేకరణ. ఎక్స్ఛేంజీ తన ఒప్పందంలో ఎందరు సభ్యులు పరీక్ష చేయించుకున్నారు, ఎందరు పిల్లలకు సీలెంట్ పడింది, ఏడాది పొడవునా ఒక్కసారీ దంత వైద్యుని చూడనివారెందరు అన్న లెక్కలను ఏటా సమర్పించాలని షరతు పెట్టవచ్చు. కంపెనీ వద్ద ఉన్న క్లెయిముల సమాచారం, ఎక్స్ఛేంజీ వద్ద ఉన్న వయసు, భాష, ఆదాయ, నివాస వివరాలు కలిసినప్పుడే ఏ ప్రాంతంలో, ఏ భాషా వర్గంలో సేవల వినియోగం తక్కువగా ఉందో తేలుతుంది. ఈ రెండు పక్షాలలో ఏ ఒక్కటీ విడిగా ఈ పని చేయజాలదు.

నాలుగవది చెల్లింపు విధానం. దంత వైద్యంలో రెండు పద్ధతులు విస్తృతంగా ఉన్నాయి. చేసిన ప్రతి సేవకూ విడిగా చెల్లించే పద్ధతిలో అవసరానికి మించి చికిత్స చేసే ప్రలోభం ఉంటుంది. సభ్యునికి నెలకింత అని వైద్యునికి స్థిరంగా చెల్లించే పద్ధతిలో అవసరమైన చికిత్సను కూడా వాయిదా వేసే ప్రలోభం ఉంటుంది. నివారణ లక్ష్యాలను చేరుకున్నవారికి అదనపు మొత్తం చెల్లించడం ఈ రెండింటికీ మధ్యేమార్గం. ఈ దిశలో ఎక్స్ఛేంజీల కంటె మెడికెయిడ్ ముందుంది: ఆరెగాన్ రాష్ట్రం తన మెడికెయిడ్ సభ్యుల సంరక్షణను సమన్వయం చేసే సంస్థలకు ఇచ్చే ప్రోత్సాహక నిధిని పిల్లల సీలెంట్ శాతానికి ముడిపెట్టింది.

రాష్ట్రాల అనుభవం

కాలిఫోర్నియా ఎక్స్ఛేంజీ అయిన కవర్డ్ కాలిఫోర్నియా క్రియాశీల కొనుగోలుదారుకు ప్రముఖ ఉదాహరణ. 2014లో అది పిల్లల దంత బీమాను విడిగా అమ్మకానికి పెట్టగా కొన్న కుటుంబాలు తక్కువగా ఉండడంతో, 2015 నుంచి ప్రతి ఆరోగ్య పథకంలోనూ ఆ ప్రయోజనాన్ని కలపాలని నిర్ణయించింది. తల్లిదండ్రులు ప్రత్యేకంగా ఎంచుకోనవసరం లేకుండానే పిల్లలందరికీ దంత బీమా దక్కింది; పరీక్ష, నివారణ సేవలు ఉచితమయ్యాయి. పెద్దలు కూడా చేరగల ఐచ్ఛిక కుటుంబ దంత పథకాలను 2016 నుంచి ప్రవేశపెట్టి, వాటికీ ప్రామాణిక నమూనాలను నిర్ణయించింది. అయితే కలిపిన పథకంలో బీమా ఉన్న సంగతే కుటుంబానికి తెలియకపోవచ్చు. ఆరోగ్య బీమా సంస్థ దంత సేవలను వేరొక కంపెనీకి అప్పగించినప్పుడు ఏ వైద్యుని వద్దకు వెళ్ళాలో తెలియక గందరగోళం కలగవచ్చు. బీమా చేర్చడంతో పని ముగియదని, వినియోగాన్ని వెంటాడి కొలవడం కూడా అవసరమని ఈ అనుభవం తెలుపుతుంది.

ఫెడరల్ చట్టం వదిలివేసిన వ్యయ నిష్పత్తి విషయాన్ని కొన్ని రాష్ట్రాలు చేపట్టాయి. దంత బీమా సంస్థలు తమ వ్యయ నిష్పత్తిని ఏటా నివేదించాలని కాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది. మసాచుసెట్స్‌లో 2022 నవంబర్ 8న జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగులో 70 శాతానికి పైగా ఓటర్లు, ప్రీమియంలలో కనీసం 83 శాతం దంత చికిత్సకు ఖర్చు చేయాలన్న ప్రతిపాదనను ఆమోదించగా, అది 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. దంత వైద్య సంఘాలు దీనిని సమర్థించాయి. దంత బీమా ప్రీమియం ఆరోగ్య బీమా ప్రీమియంలో చిన్న భాగం మాత్రమే కాబట్టి నిర్వహణ ఖర్చు శాతంలో ఎక్కువగా కనిపిస్తుందని, ఇటువంటి నియమం వల్ల ప్రీమియంలు పెరగవచ్చునని, చిన్న కంపెనీలు వైదొలగవచ్చునని బీమా సంస్థలు వాదించాయి. వ్యయ నిష్పత్తి పెరిగినంత మాత్రాన సంరక్షణ నాణ్యత పెరిగినట్లు కాదు. అది డబ్బు ఎక్కడికి పోతుందో చెబుతుంది గాని, ఆ డబ్బుతో పన్ను నిలిచిందో లేదో చెప్పదు.

పరిమితులు, విమర్శలు

ఈ భాగస్వామ్యానికి అన్నిటికంటె పెద్ద అవరోధం సభ్యుల రాకపోకలు. ఎక్స్ఛేంజీ సభ్యులు ఆదాయం మారినప్పుడు మెడికెయిడ్‌కు, ఉద్యోగం దొరికినప్పుడు కంపెనీ బీమాకు, ధర మారినప్పుడు మరో పథకానికి మారుతూ ఉంటారు. ఈ ఏడాది సీలెంట్‌కు ఖర్చు చేసిన సంస్థకు, అయిదేళ్ళ తరువాత తప్పే రూట్ కెనాల్ ఖర్చు మిగలదు. ఆ లాభం అప్పటికి ఆ సభ్యుని బీమా ఎవరి వద్ద ఉంటే వారికి దక్కుతుంది. నివారణలో పెట్టుబడి పెట్టడానికి ఏ ఒక్క కంపెనీకీ తగిన ప్రేరణ లేని ఇటువంటి చోట, అన్ని కంపెనీలపైనా ఒకే షరతు విధించగల ఎక్స్ఛేంజీ పాత్ర కీలకమవుతుంది.

రెండవ అవరోధం సబ్సిడీ స్వరూపం. ప్రీమియం పన్ను రాయితీ ప్రధానంగా ఆరోగ్య పథకాన్ని ఆధారం చేసుకొని లెక్కిస్తారు. పెద్దల దంత ప్రీమియానికి అది వర్తించదు. పైగా ఫెడరల్ వేదికలో ఆరోగ్య పథకం తీసుకోకుండా దంత పథకాన్ని మాత్రమే కొనడానికి వీలులేదు. మధుమేహానికీ చిగుళ్ళ వ్యాధికీ పరస్పర సంబంధం ఉందన్నది వైద్యరంగం గుర్తించిన విషయమే అయినా, మధుమేహ చికిత్సకు చెల్లించే పథకం చిగుళ్ళ చికిత్సను పట్టించుకోని స్థితి దీనివల్ల కొనసాగుతోంది. సాధారణ దంత చికిత్సను పెద్దలకు తప్పనిసరి ప్రయోజనంగా చేర్చకూడదన్న నిషేధాన్ని ఫెడరల్ ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నిబంధనలలో తొలగించి, 2027 పథకం ఏడాది నుంచి రాష్ట్రాలు కోరుకుంటే చేర్చుకునే వీలు కల్పించింది. ఇది రాష్ట్రాల నిర్ణయానికి వదిలిన అవకాశమే గాని ఆదేశం కాదు. ఏటా సవరించే నిబంధనలలో భాగం కాబట్టి మారే వీలూ ఉంది.

మూడవది సంఖ్యల సమస్య. 2025 పథకం ఏడాదికి ఎక్స్ఛేంజీలలో దాదాపు 2.4 కోట్ల మంది ఆరోగ్య పథకాలు ఎంచుకున్నా, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలలో ఎక్కువమంది మెడికెయిడ్, పిల్లల ఆరోగ్య బీమా పథకాలలో ఉంటారు. ఒక చిన్న రాష్ట్రంలో ఒక కంపెనీకి దక్కే పిల్లల సంఖ్య కొన్నిసార్లు నమ్మదగిన శాతం లెక్కించడానికి కూడా చాలదు. అందువల్ల మెడికెయిడ్‌లో వాడే కొలమానాలనే ఎక్స్ఛేంజీలూ వాడాలని, అప్పుడే బిడ్డ ఒక పథకం నుంచి మరొకదానికి మారినా సంరక్షణ చరిత్ర తెగిపోకుండా పోల్చిచూడవచ్చునని ఈ రంగంలో ఒక బలమైన వాదన ఉంది.

ఎక్స్ఛేంజీ ఎవరికి అందుతుందన్నదీ ఒక పరిమితే. ఉదాహరణకు, అమెరికాలోని తెలుగు కుటుంబాలలో ఉద్యోగ వీసాపై ఉన్నవారికి సాధారణంగా యజమాని ద్వారానే బీమా లభిస్తుంది. ఉద్యోగం మారే మధ్యకాలంలో ఉన్నవారు, సొంత వ్యాపారం చేసేవారు, విద్యార్థులు చట్టబద్ధ నివాసులుగా ఎక్స్ఛేంజీలో పథకాలు కొనుక్కోవచ్చు. పిల్లలను చూడడానికి సందర్శక వీసాపై వెళ్ళే తల్లిదండ్రులు సాధారణంగా ఈ పరిధిలోకి రారు.

అంచనా

ఎక్స్ఛేంజీలు పిల్లల దంత బీమాను విస్తృతం చేయడంలో, కుటుంబాల ఖర్చుకు హద్దు పెట్టడంలో స్పష్టమైన ఫలితం సాధించాయి. నాణ్యత విషయంలో సాధించినది తక్కువ. చట్టం నిర్దేశించిన చోట బీమా సంస్థలు కొలతలు సమర్పించాయి. చట్టం మినహాయించిన చోట, ఒప్పందంలో అడిగిన రాష్ట్రాలలో మాత్రమే ఎంతోకొంత లెక్క చూపుతున్నాయి. రోగ నిర్ధారణ సంకేతాలను దంత క్లెయిములలో చేర్చడం, మెడికెయిడ్‌తో ఉమ్మడి కొలమానాలు వాడడం, విడి దంత పథకాల ఫలితాలను కొనుగోలుదారులకు కనిపించేలా ప్రకటించడం అనే మూడు చర్యలూ ప్రస్తుత చట్ట పరిధిలోనే సాధ్యం. క్రియాశీల కొనుగోలుదారు పద్ధతిని ఎంచుకున్న ఎక్స్ఛేంజీలు వీటిని ఒప్పంద షరతులుగా మార్చగలవు. అన్ని పథకాలనూ అనుమతించే పద్ధతిలో ఉన్నచోట ఈ చొరవ బీమా సంస్థల స్వచ్ఛంద నిర్ణయానికే మిగిలిపోతుంది.